డీఆర్‌ఎస్ అనే బొంత: గుడ్డ గట్టిదే, కుట్లే ఊడుతున్నాయి

డీఆర్‌ఎస్ (క్రికెట్‌లో అంపైర్ నిర్ణయాన్ని మళ్లీ చూడమని అడిగే డెసిషన్ రివ్యూ సిస్టమ్) అనగానే చాలామందికి ఏదో పెద్ద యంత్రం తీర్పు చెబుతున్నట్టు అనిపిస్తుంది. దగ్గరికెళ్లి చూస్తే అది బొంత. బంతిని వెంబడించే కెమెరాలు ఒక ముక్క, స్టంప్స్ దగ్గరి మైకు ఒక ముక్క, ఆ శబ్దాన్ని బొమ్మతో జతచేసే ఆపరేటర్ ఒక ముక్క, మైదానం బయట టీవీ తెర ముందు కూర్చుని వీటిని వరసగా చూసి నోరు విప్పే థర్డ్ అంపైర్ మరో ముక్క. కాబట్టి మొత్తానికి ఒకే మార్కు వేస్తే న్యాయం జరగదు. గుడ్డముక్కలు దాదాపు అన్నీ గట్టివే. చిరిగినప్పుడల్లా కుట్టు దగ్గరే చిరిగింది.

ముందు కాస్త పాత లెక్క. టీవీ రీప్లే చూసి ఔటివ్వడం 1992 నవంబరులో డర్బన్ టెస్టులో మొదలైంది. జాంటీ రోడ్స్ విసిరిన బంతికి సచిన్ టెండూల్కర్ రనౌట్. థర్డ్ అంపైర్ కార్ల్ లీబెన్‌బర్గ్. అంపైర్ నిర్ణయాన్ని ఆటగాళ్లే సవాలు చేసే పద్ధతిని 2008 భారత్-శ్రీలంక టెస్టు సిరీస్‌లో ప్రయోగించారు. ఆ సిరీస్ మొత్తంలో మనవాళ్లు నెగ్గిన రివ్యూ ఒక్కటే. ఆ చేదు నాలుక మీద చాలాకాలం నిలిచింది. 2009 నవంబరులో డ్యునెడిన్ టెస్టుతో ఐసీసీ దాన్ని అధికారికంగా తెచ్చినా, ద్వైపాక్షిక సిరీస్‌లలో పూర్తి డీఆర్‌ఎస్ విషయంలో బీసీసీఐ 2016 నవంబరు దాకా బెట్టు వీడలేదు. చివరికి ఇంగ్లండ్‌తో రాజ్‌కోట్ టెస్టులో ఒప్పుకుంది. ఆ సిరీస్ రెండో టెస్టు విశాఖపట్నంలో, ఆ మైదానానికి అదే మొట్టమొదటి టెస్టు. అంటే విశాఖ డీఆర్‌ఎస్ లేని టెస్టును చూడనే లేదు. ఉప్పల్ మాత్రం 2010, 2012, 2013 టెస్టులను అది లేకుండానే లాగించింది.

ఇప్పుడు వాడకం సంగతి. టెస్టులో ఇన్నింగ్స్‌కి జట్టుకు మూడు రివ్యూలు, వన్డేలో, టీ20లో రెండేసి. టెస్టుల్లో ఆ మూడోది కరోనా కాలం చలవ. 2020లో తటస్థ అంపైర్లను తిప్పడం కుదరక, సొంతదేశపు అంపైర్లతో నడిపించాల్సి వచ్చి ఒకటి పెంచారు, మళ్లీ తగ్గించలేదు. బంతి డెడ్ అయ్యాక 15 సెకన్లలోపు చేతులతో టీ అక్షరం చూపాలి. డ్రెస్సింగ్ రూమ్ వైపు చూసి సైగ అడగకూడదు. 2017 మార్చిలో బెంగళూరు టెస్టులో స్టీవ్ స్మిత్ అలా చూసి అంపైర్ నైజెల్ లాంగ్ చేత అడ్డుకోబడ్డాడు. రివ్యూలో ‘అంపైర్స్ కాల్’ (తేడా మరీ సన్నగా ఉండి మైదానపు అంపైర్ నిర్ణయమే నిలవడం) వస్తే 2017 సెప్టెంబరు చివరి నుంచి రివ్యూ పోదు. దానికి బదులుగా టెస్టుల్లో 80 ఓవర్లయ్యాక కొత్తగా రివ్యూలు నింపే సౌకర్యాన్ని తీసేశారు.

ఈ 15 సెకన్లే అసలు నైపుణ్యం. బౌలర్ మాట నమ్మితే కొంప మునుగుతుంది, ఎందుకంటే బంతి వదిలాక అతను పక్కకి జారిపోతాడు, వికెట్ల గీత అతనికి వంకరగా కనిపిస్తుంది. లైన్ సంగతి కీపర్‌ని అడగాలి, ఎత్తు సంగతి పక్కనుంచి చూసే మిడ్‌వికెట్‌లోనో పాయింట్‌లోనో ఉన్నవాణ్ని అడగాలి. బ్యాటర్ ముందుకాలు బాగా సాచి ఉంటే ఎత్తు సందేహమే. ఎడమచేతి స్పిన్నర్ రౌండ్ ద వికెట్ వచ్చి కుడిచేతి బ్యాటర్‌కి వేస్తే ఇంపాక్ట్ (బంతి ప్యాడ్‌కి తగిలిన చోటు) కన్నా ముందు పిచింగ్ (బంతి నేలకి తగిలిన చోటు) ఎక్కడో చూసుకోవాలి. ‘ధోనీ రివ్యూ సిస్టమ్’ అని అభిమానులు ముద్దుగా పిలిచేదాంట్లో మంత్రమేమీ లేదు. వికెట్ల వెనక నిలబడి లైన్ చూసేవాడే కెప్టెన్ కావడం, అంతే. రివ్యూ దాచుకోకపోతే ఏమవుతుందో 2019 హెడింగ్లీ టెస్టు చెప్పింది. జాక్ లీచ్ మీద లెగ్ స్టంప్ బయట పిచ్ అయిన బంతికి ఆస్ట్రేలియా చివరి రివ్యూ తగలేసింది. మరుసటి ఓవర్లో నేథన్ లయన్ బంతి బెన్ స్టోక్స్ ప్యాడ్‌కి తగిలితే జోయెల్ విల్సన్ నాటౌట్ అన్నాడు. ట్రాకింగ్‌లో బంతి స్టంప్స్‌ని కొడుతోంది. అడగడానికి రివ్యూ లేదు. ఇంగ్లండ్ ఒక్క వికెట్ తేడాతో గెలిచింది.

రివ్యూ మొదలయ్యాక థర్డ్ అంపైర్ చూసే వరస ఎప్పుడూ ఒకటే. ముందు ఫ్రంట్‌ఫుట్ నోబాల్. మడమ గీత మీద పడిందా, వెనకా? నోబాల్ అయితే కథ అక్కడితో ముగిసింది. తర్వాత బ్యాటుకో గ్లవ్‌కో తగిలిందా అని రీప్లే, మైకు శబ్దాన్ని గీతగా చూపే అల్ట్రాఎడ్జ్ లేదా స్నికో. తగిలితే ఎల్బీడబ్ల్యూ (వికెట్లకి తగలాల్సిన బంతికి కాలు అడ్డుపడితే ఇచ్చే ఔట్) లేదు. తగలకపోతేనే బాల్ ట్రాకింగ్: పిచింగ్, ఇంపాక్ట్, వికెట్స్. ఈ వరస నిబంధనల పుస్తకంలో అలంకారం కోసం రాసింది కాదు. 2021 ఫిబ్రవరిలో చెపాక్ టెస్టులో జాక్ లీచ్ బౌలింగ్‌లో అజింక్య రహానే మీద ఇంగ్లండ్ క్యాచ్ రివ్యూ అడిగింది. థర్డ్ అంపైర్ బంతి బ్యాటును దాటే క్షణం చూశాడు, ఎల్బీ చూశాడు. ప్యాడ్‌కి తగిలి పైకి లేచిన బంతి గ్లవ్‌ని రాసుకున్న ఆ తర్వాతి క్షణాన్ని మాత్రం తిప్పి చూడలేదు. ఇంగ్లండ్ మొత్తుకుంటే పొరపాటు గుర్తించి రివ్యూ తిరిగిచ్చారు, రహానే మాత్రం అప్పటికి బతికిపోయాడు. కెమెరాలు అన్నీ పట్టాయి, చూడాల్సినవారు టేపును ఇంకో అరసెకను ముందుకి నడపలేదు. ఇది కుట్టు నంబర్ ఒకటి.

బాల్ ట్రాకింగ్‌కి మాత్రం పదికి తొమ్మిది వేయొచ్చు. మైదానం చుట్టూ వేర్వేరు కోణాల్లో బిగించిన కెమెరాల్లో బంతి ఎక్కడుందో ప్రతి ఫ్రేములో గుర్తించి, వాటిని కలిపి త్రిమితీయ మార్గం గీస్తారు. మన దేశంలోను, ఇంగ్లండ్‌లోను ఎక్కువగా హాక్‌ఐ, న్యూజిలాండ్‌లో వర్చువల్ ఐ. ప్యాడ్ దాకా ఉన్న మార్గం కొలిచింది, ప్యాడ్ తర్వాత స్టంప్స్ దాకా ఉన్నది ఊహించింది. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే సగం తగవులు తీరిపోతాయి. టెన్నిస్‌లో బంతి ఎక్కడ పడిందో చెప్పాలి, పడిపోయింది కనుక కొలిస్తే చాలు. క్రికెట్‌లో పడని చోటుకి, తగలని స్టంప్‌కి లెక్క కట్టాలి. బంతి పిచ్ అయ్యాక ప్యాడ్ దాకా ఎంత ఎక్కువ దూరం ప్రయాణిస్తే ఊహ అంత బలం. యార్కర్ లాంటి బంతి నేలను తాకిన వెంటనే బూటుకి తగిలితే, బౌన్స్ తర్వాతి దారి ఎటో తేల్చే ఫ్రేములు చాలా తక్కువ మిగులుతాయి. ట్రాకింగ్ మీద నమ్మకం కాస్త తగ్గించుకోవాల్సిన చోటు అదే.

అక్కడే అంపైర్స్ కాల్ వస్తుంది. టీవీ ముందు ఎక్కువమంది తిట్టేది దీన్నే, ఈ మొత్తం సేవలో నిజాయితీ ఎక్కువున్న భాగమూ ఇదే. లెక్క సూటిగా చూడండి. వికెట్ల వెడల్పు 22.86 సెంటీమీటర్లు, బంతి అడ్డం సుమారు 7.2. అంపైర్ నాటౌట్ అన్నాక దాన్ని మార్చాలంటే బంతిలో సగం కన్నా ఎక్కువ ఆ 22.86 లోపల తగలాలి. బంతి అంచు మాత్రమే తగులుతుంటే, అంటే రెండు పక్కలా 3.6 సెంటీమీటర్ల పట్టీలో, మైదానంలో ఇచ్చిన నిర్ణయమే నిలుస్తుంది. ఈ పట్టీ ఒకప్పుడు ఇంకా వెడల్పు. 2016 అక్టోబరుకి ముందు బయటి స్టంప్‌ల మధ్యగీత దాకానే లెక్క. తర్వాత బయటి అంచు దాకా జరిపారు. స్టంప్ మందం 3.5 నుంచి 3.8 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది కాబట్టి ఒక్కో పక్క దగ్గరదగ్గర 1.8 సెంటీమీటర్లు బౌలర్‌కి కలిసొచ్చింది. 2021లో ఎత్తు హద్దును కూడా పైకి జరిపారు. తొలినాళ్లతో పోలిస్తే ఇవాళ స్పిన్నర్‌కి దక్కే ఎల్బీలు ఊరికే పెరగలేదు.

‘ఒకే బంతికి ఒకరు ఔట్, ఒకరు నాటౌట్, ఇదేం న్యాయం’ అన్నది పాత ఫిర్యాదు. 2024 ఫిబ్రవరిలో రాజ్‌కోట్‌లో జాక్ క్రాలీ అలా ఔటయ్యాక బెన్ స్టోక్స్ అంపైర్స్ కాల్ ఎత్తేయాలన్నాడు. ఎత్తేస్తే ఏమవుతుందో ఆలోచించండి. స్టంప్‌కి వెంట్రుకంత తగిలినా ఔట్ అంటే బంతులన్నీ పెద్దవైపోయినట్టే, టెస్టులు మూడో రోజుకే ముగుస్తాయి. సగం తగిలితేనే ఔట్ అంటే ఇప్పుడు అంపైర్ వేలెత్తే ఎన్నో న్యాయమైన ఔట్లు పోతాయి. అసలు తప్పు గీతలో లేదు, బొమ్మలో ఉంది. ఊహించిన బంతిని టీవీలో నిగనిగలాడే గట్టి గుండుగా, బెయిల్‌ని ముద్దాడుతున్నట్టు గీసి చూపిస్తారు. ఆ గుండుని చూశాక ‘తగుల్తోందిగా’ అని ఎవరికైనా అనిపిస్తుంది. దాని చుట్టూ మసకగా ఒక అంచు గీసి, ‘ఇంత అటూ ఇటూ ఉండొచ్చు’ అని చూపిస్తే సగం కోపం చల్లారుతుంది. గ్రాఫిక్స్ అందంగా ఉండాలన్న తాపత్రయమే ఇక్కడ శత్రువు.

కాస్త కుంటినడక ఇంకోచోట ఉంది. పిచింగ్‌కి అంపైర్స్ కాల్ లేదు. బంతి మధ్యభాగం లెగ్ స్టంప్ గీత బయట పడితే నాటౌట్, అంతే. ఇంపాక్ట్‌కి ఉంది. రెండూ జరిగిపోయిన విషయాలే, రెండూ కొలవగలిగినవే. ఒకదానికి గీత ఖచ్చితం, ఇంకోదానికి సడలింపు ఎందుకో ప్రేక్షకుడికి ఒప్పించేలా చెప్పినవాళ్లు లేరు. నిబంధన మొదటినుంచీ ఇలా మెలికలు తిరిగిందే. 2011 ప్రపంచకప్‌లో బెంగళూరులో యువరాజ్ బంతికి ఇయాన్ బెల్ ముందుకొచ్చి దొరికాడు, ట్రాకింగ్‌లో మిడిల్ స్టంప్. కానీ ఇంపాక్ట్ స్టంప్స్‌కి 2.5 మీటర్ల కన్నా దూరం కాబట్టి అప్పటి నియమం ప్రకారం బిల్లీ బౌడెన్ నాటౌట్ నిలిచింది. ధోనీ మ్యాచ్ అయ్యాక చిర్రెత్తిపోయాడు. అదే టోర్నీ సెమీస్‌లో మొహాలీలో సయీద్ అజ్మల్ బంతికి ఇయాన్ గూల్డ్ సచిన్‌ని ఔటిస్తే ట్రాకింగ్ లెగ్ స్టంప్ పక్కగా పోతోందని కాపాడింది. అప్పుడు ఎవరికీ సాంకేతికత మీద కోపం రాలేదు లెండి.

ఇక శబ్దం. ఇక్కడ మార్కులు ఆరుకి దిగుతాయి. ఎడ్జ్ (బంతి బ్యాటు అంచుని రాసుకోవడం) పట్టే పద్ధతి వినడానికి తేలిక: స్టంప్ మైకు శబ్దాన్ని గీతగా చూపించి, పక్కన స్లోమోషన్ బొమ్మ పెట్టి, బంతి బ్యాటు పక్కనున్న ఫ్రేములో గీత లేచిందా అని చూడటం. కష్టమంతా రెండిటినీ జతచేయడంలో. 130 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి సెకనుకి 36 మీటర్లు పోతుంది. మామూలు టీవీ కెమెరా సెకనుకి 50 చిత్రాలు తీస్తే రెండు చిత్రాల మధ్య బంతి 72 సెంటీమీటర్లు దూకేసి ఉంటుంది, దాంతో ఏమీ తేలదు. 340 ఫ్రేములు తీసే కెమెరాలో ఆ దూకుడు దాదాపు 10.6 సెంటీమీటర్లకి తగ్గుతుంది, అంటే బంతి వెడల్పుకి దాదాపు ఒకటిన్నర రెట్లు. ఇంత దగ్గరి లెక్కలో శబ్దం ప్రయాణమూ లెక్కే. బ్యాటింగ్ క్రీజు నుంచి బ్యాటర్ వెనకున్న మైకుకి 1.2 మీటర్లు, శబ్దానికి పట్టేది సెకనులో దాదాపు మూడువందల వంతు. అదే శబ్దం బౌలర్ వైపు మైకుకి చేరాలంటే 19 మీటర్లు రావాలి, ఈలోగా బంతి రెండు మీటర్లు పోతుంది.

ఈ అంకెలు ఎందుకంటే, 2025 డిసెంబరులో అడిలైడ్ యాషెస్ టెస్టులో సరిగ్గా ఇక్కడే కుట్టు ఊడింది. 72 పరుగుల దగ్గర అలెక్స్ కేరీ మీద ఇంగ్లండ్ క్యాచ్ రివ్యూ అడిగింది. స్నికోలో గీత లేచింది, కాకపోతే బంతి బ్యాటు దగ్గరికి చేరకముందే. బొమ్మకీ శబ్దానికీ పొంతన లేనప్పుడు థర్డ్ అంపైర్ ఔటివ్వలేడు, నాటౌట్ నిలిచింది. కేరీ 106 చేశాడు, తనకి ఎడ్జ్ తగిలిందనే అనిపించిందని తర్వాత ఒప్పుకున్నాడు. ఆపరేటర్ తప్పు మైకును ఎంచుకుని ఉంటాడని సాంకేతికత సరఫరా చేసిన సంస్థే బాధ్యత తీసుకుంది, ఇంగ్లండ్‌కి పోయిన రివ్యూ తిరిగిచ్చారు. వికెట్ మాత్రం ఎవరిస్తారు?

గీత లేచినంత మాత్రాన బంతి తగిలినట్టు కాదన్నదీ గుర్తుంచుకోవాలి. బ్యాటు ప్యాడ్‌కి తగిలినా, నేలకి తగిలినా గీత లేస్తుంది. సాధారణంగా బంతి తగిలిన గీత సన్నగా, సూదిలా ఉంటుంది. ప్యాడ్ శబ్దం లావుగా, గుబురుగా ఉంటుంది. 2024 నవంబరులో పెర్త్‌లో కేఎల్ రాహుల్ విషయంలో రెండూ దాదాపు ఒకేసారి వచ్చాయి. ముందునుంచి తీసిన కోణం అడిగితే వెంటనే దొరకలేదు, మైదానంలో నాటౌట్ అన్నదాన్ని ఉన్న బొమ్మతోనే ఔట్‌గా మార్చారు. నిర్ణయం తప్పా ఒప్పా అన్నది పక్కన పెడితే, కావాల్సిన కోణం లేకుండా మైదానపు నిర్ణయాన్ని తిరగరాయడం పద్ధతి కాదు. నెల దాటగానే మెల్‌బోర్న్‌లో దీనికి తలకిందులు. 84 దగ్గర యశస్వి జైస్వాల్, పాట్ కమిన్స్ బంతి. స్నికో గీత చదునుగా ఉంది, కానీ గ్లవ్ దాటేటప్పుడు బంతి దారి మళ్లడం కంటికి కనిపించింది. థర్డ్ అంపైర్ షర్ఫుద్దౌలా సైకత్ కంటినే నమ్మి ఔటిచ్చాడు. మన దగ్గర పెద్ద గోల అయింది. కానీ కళ్లెదుట దారి మళ్లిన బంతిని మైకు వినలేదన్న కారణంతో కాదనడం ఎలా? ఆయన చేసింది ధైర్యమైన పని. ఉష్ణం పట్టే హాట్‌స్పాట్ అయితే 2013 యాషెస్‌లో సన్నని ఎడ్జ్‌లు చూపలేక అప్పుడే పరువు పోగొట్టుకుంది.

మనిషి చెయ్యి జారడం క్రికెట్‌కే పరిమితం కాదు. లైన్ జడ్జీలను తీసేసి పూర్తిగా ఎలక్ట్రానిక్ కాలింగ్‌కి మారిన 2025 వింబుల్డన్‌లో, సెంటర్ కోర్టులో పావ్లుచెంకోవా-కార్టల్ మ్యాచ్ జరుగుతుండగా కోర్టులో ఒక భాగానికి సిస్టమ్ పొరపాటున ఆపేసి ఉంది. స్పష్టంగా బయటపడిన బంతికి పలుకు లేదు, పాయింట్ మళ్లీ ఆడించారు. అక్కడా కెమెరా తప్పు కాదు, స్విచ్చు తప్పు.

నేల దగ్గరి క్యాచ్‌లకి ఐదు మార్కులు మించి ఇవ్వలేం. దూరం నుంచి టెలిఫోటో లెన్సుతో తీసిన బొమ్మ లోతును నొక్కేస్తుంది; బంతి కింద వేళ్లున్నా గడ్డి బంతిని తాకుతున్నట్టే కనిపిస్తుంది. జూమ్ చేసేకొద్దీ అనుమానం పెరుగుతుందే తప్ప తగ్గదు. 2021లో అహ్మదాబాద్ టీ20లో డేవిడ్ మలన్ పట్టిన సూర్యకుమార్ క్యాచ్‌కి మైదానంలో ‘సాఫ్ట్ సిగ్నల్’ (థర్డ్ అంపైర్‌ని అడిగేముందు మైదానపు అంపైర్ చెప్పే తన అభిప్రాయం) ఔట్ అనడంతో, తిరగరాసేంత ఆధారం లేదని అదే నిలిపారు. 2023 జూన్ నుంచి ఐసీసీ సాఫ్ట్ సిగ్నల్ ఎత్తేసింది. అదే నెలలో ఓవల్‌లో శుభ్‌మన్ గిల్ క్యాచ్‌ని కామెరాన్ గ్రీన్ పట్టాడు, గొడవ యథాతథం. సిగ్నల్ పోయింది, లెన్సు మారలేదు కదా.

కొన్ని మరమ్మతులు మాత్రం శభాష్ అనిపించాయి. ఫ్రంట్‌ఫుట్ నోబాల్‌ని ప్రతి బంతికీ థర్డ్ అంపైరే చూడటం 2019 డిసెంబరులో వెస్టిండీస్ సిరీస్‌లో ప్రయోగించారు, మొదటి మ్యాచ్ హైదరాబాద్ టీ20. ఒక పని మైదానపు అంపైర్ నెత్తి మీంచి దిగింది, కళ్లు బ్యాటర్ మీద పెట్టుకునే వీలు దొరికింది. స్టంపింగ్ అడిగితే ఎడ్జ్ కూడా ఉచితంగా చూసేసే లొసుగును 2023 డిసెంబరులో మూసేశారు. ఇప్పుడు పక్కకోణం మాత్రమే చూస్తారు, క్యాచ్ కావాలంటే రివ్యూ ఖర్చుపెట్టాల్సిందే. ఐపీఎల్ 2024లో తెచ్చిన స్మార్ట్ రీప్లే ఇంకా మేలు. హాక్‌ఐ ఆపరేటర్లు ఇద్దరు థర్డ్ అంపైర్ గదిలోనే కూర్చుంటారు, ఎనిమిది హైస్పీడ్ కెమెరాల బొమ్మలు నేరుగా అందుతాయి. ముందైతే ప్రతి కోణాన్నీ టీవీ డైరెక్టర్‌ని అడుక్కోవాలి. బౌండరీ తాడు దగ్గర బంతిని విసిరే క్షణంలో ఫీల్డర్ కాలు ఎక్కడుందో, చేయి ఎక్కడుందో ఒకే తెర మీద పక్కపక్కన చూడటం అప్పట్లో కుదిరేదే కాదు. పెర్త్‌లో లేని కోణం కోసం ఎదురుచూసిన దృశ్యం తలచుకుంటే ఈ ఏర్పాటు విలువ తెలుస్తుంది. అంతర్జాతీయ మ్యాచ్‌లన్నిటికీ ఇది తప్పనిసరి చేయాలి.

ఇవన్నీ ఉన్నా అడుగున ఒక మామూలు ప్రశ్న మిగులుతుంది: కరెంటుందా? 2022 మే 12న వాంఖడేలో ముంబయి, చెన్నై మ్యాచ్‌కి విద్యుత్ సమస్య వచ్చి మొదట్లో డీఆర్‌ఎస్ పనిచేయలేదు. డెవాన్ కాన్వేకి ఎల్బీ ఇచ్చారు, లెగ్ స్టంప్ తప్పిపోయేలా ఉన్న బంతి, అడగడానికి దారి లేదు. కాసేపటికి రాబిన్ ఊతప్ప కూడా ఎల్బీగానే వెళ్లాడు. అంత ఖరీదైన లీగ్‌లో ఆ గదికి విడిగా బ్యాకప్ ఉండదా అని ఎవరికైనా అనిపిస్తుంది.

ఇంకో మెట్టు దిగితే సరుకే వేరు. 2019-20 రంజీ సెమీఫైనళ్లలో బీసీసీఐ పరిమిత డీఆర్‌ఎస్ పెట్టింది, బాల్ ట్రాకింగ్ లేదు, అల్ట్రాఎడ్జ్ లేదు. ఉన్న రీప్లేలతోనే చూసుకోవాలి. సెలెక్టర్ల ముందు ఏడాదికి పదిమ్యాచ్‌లు కూడా దొరకని దేశవాళీ బ్యాటర్‌కి ఒక తప్పుడు ఎల్బీ పడితే అది అంతర్జాతీయ ఆటగాడికి పడినదానికంటే భారం. మొత్తం సేవకి పదికి ఏడు వేస్తే, పోయిన మూడింటిలో ఒకటి తప్పు మైకుది, ఒకటి దొరకని కోణానిది, మిగిలిందేమో ఈ రంజీ బ్యాటర్‌ది.